హీట్ పంప్‌తో ఒటావాలో మూడు చలికాలాలు: పాత ఫర్నేస్‌ని ఎందుకు ఉంచుకున్నామంటే

2023 ఫిబ్రవరి 3, శుక్రవారం. రాత్రికి మైనస్ 30 కిందికి పోతుందని పొద్దుటి నుంచీ హెచ్చరికలు వస్తున్నాయి. గ్యాస్ మంటతో ఇంటికి వేడిగాలి పంపే పాత ఫర్నేస్‌కి తోడుగా, కరెంటుతో ఇంటిని వెచ్చబరిచే హీట్ పంప్ పెట్టించుకుని అప్పటికి నాలుగు నెలలు. పడుకోబోయే ముందు మా అత్తయ్యగారు వంటింటి కిటికీ అద్దం మీది ఆవిరిని కొంగుతో తుడిచి బయటికి చూశారు. "అమ్మాయ్, అన్ని వేల డాలర్లు పోసి పెట్టించిన ఆ మిషను అసలు తిరుగుతోందా? పోయిన వారం పడిన మంచు దాని నెత్తిన పడింది పడినట్టే ఉంది. ఫ్యాన్ తిరిగితే ఉండదు కదా?" అన్నారు.

"ఇంత చలిలో అది ఆగిపోతుందమ్మా, ఫర్నేస్ చూసుకుంటుంది" అన్నారు మావారు. ఆ రాత్రికి అది నిజమే. కానీ ఆ మంచు పడిన వారంలో చలి అంత లేదు, మైనస్ 5, మైనస్ 6 దగ్గర ఉంది. ఆ మాత్రం చలిలో హీట్ పంప్ హాయిగా తిరగాలి. మా యూనిట్ గాలిని పైకి ఊదే రకం. ఒక్క గంట తిరిగినా పైన జల్లెడ మీద మంచు మిగలదు. అంటే వారం రోజులుగా అది ఒక్కసారి కూడా నడవలేదు. అత్తయ్యగారు అడిగేదాకా మా ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు.

ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే తేలిన విషయమే ఈ మూడేళ్ల అనుభవంలో నేను అందరికీ చెప్పాలనుకునేది. ముందు మా ఇంటి సంగతి కొంచెం చెబుతాను.

మాది కెనడా రాజధాని ఒటావాలో బార్‌హేవెన్ అనే పేట. 2004లో కట్టిన రెండంతస్తుల ఇల్లు, బేస్‌మెంట్ కాక సుమారు రెండు వేల చదరపు అడుగులు. 2013లో పెట్టిన గ్యాస్ ఫర్నేస్ ఉంది, బాగానే పనిచేస్తోంది. 2022 జూలైలో ఏసీ కంప్రెసర్ పోయింది. కొత్త ఏసీకి 5,500 డాలర్లు అవుతుందన్నారు. దాని బదులు ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా రెండు పనులూ చేసే హీట్ పంప్ పెట్టించుకుంటే 14,000. అప్పట్లో కేంద్ర ప్రభుత్వం గ్రీనర్ హోమ్స్ గ్రాంట్ కింద హీట్ పంప్‌కు 5,000 డాలర్ల దాకా ఇచ్చేది. పెట్టించకముందు ఒకసారి, పెట్టించాక ఒకసారి, ఇల్లు ఎంత ఇంధనం వాడుతోందో చూసే ఆడిట్ చేయించాలి. ఆ ఆడిట్ ఖర్చులో కూడా 600 దాకా తిరిగి వచ్చేది. మొత్తం మీద ఏసీకీ దీనికీ మాకు పడిన తేడా 3,500 డాలర్లు. 2024 మొదట్లో ఆ గ్రాంట్ కొత్తవాళ్లకు ఆపేశారు కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు ఈ లెక్కను యథాతథంగా తీసుకోవద్దు.

ఫర్నేస్ కూడా తీసేసి మొత్తం కరెంటు మీదే నడుపుకుంటారా అని అడిగారు. మా ఇంటి కరెంటు ప్యానెల్ 100 ఆంప్స్‌ది. బ్యాకప్‌కి కరెంటు హీటర్ పెట్టాలంటే ప్యానెల్ పెంచాలి, అది ఇంకో ఖర్చు. దానికి తోడు అదే ఏడాది మే 21న వచ్చిన డెరేచో గాలివాన మా కళ్లముందు ఉంది. ఒటావాలో చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అదే జనవరిలో వచ్చి ఉంటే? ఆ భయంతోనే ఫర్నేస్‌ని ఉంచుకున్నాం. అప్పుడు భయంతో తీసుకున్న నిర్ణయమే అయినా, ఇప్పుడు లెక్కలు చూసుకున్నా అదే చేస్తాను.

ఇక ఇది పనిచేసే తీరు. విజయవాడ ఎండల్లో ఏసీ బయటి యూనిట్ పక్కనుంచి నడిస్తే కాళ్లకు కొట్టే వేడిగాలి మనందరికీ తెలుసు. గదిలోని వేడిని లాగి బయట పోస్తుంది. దాన్నే తిరగేస్తే హీట్ పంప్. బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లో పోస్తుంది. "మైనస్ 15లో వేడెక్కడుంటుంది?" అని మామయ్యగారు అడిగి, తర్వాత జవాబు కూడా ఆయనే చెప్పారు. ఆయన తెనాలిలో హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. మా యూనిట్‌లో వాడే ఆర్-410ఎ అనే ద్రవం మామూలు పీడనం దగ్గర మైనస్ 51కే మరుగుతుంది. దాని లెక్కలో మైనస్ 15 గాలి అంటే వేడిగాలే. "పొయ్యి మీది గిన్నెకి మంట ఎలాగో దానికి ఆ గాలి అలాగ" అన్నారు. ఇంతకంటే తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు.

అయితే చలి పెరిగేకొద్దీ గాలిలోంచి లాగగలిగే వేడి తగ్గుతుంది, లాగడానికి పడే శ్రమ పెరుగుతుంది. మా యూనిట్ కాగితాల్లో ఉన్న పట్టిక ప్రకారం ప్లస్ 8 దగ్గర ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల పైన వేడి వస్తుంది. మైనస్ 15 దగ్గర రెండుకు కాస్త అటూ ఇటూ. అంటే ఇంటికి వేడి ఎక్కువ కావలసిన రాత్రే దీని సత్తా తగ్గుతుంది. ఒటావాలో ఇళ్ల వేడి అవసరం లెక్కగట్టేటప్పుడు మైనస్ 25ని ప్రమాణంగా తీసుకుంటారు. ఆ చలికి సరిపోయేంత పెద్ద హీట్ పంప్ పెడితే మిగతా నాలుగైదు నెలలూ, ఎండాకాలమంతా అది అవసరానికి మించిన బండి అవుతుంది. అందుకే మాకు రెండున్నర టన్నులదే పెట్టారు. ఈ విషయంలో బిగించినవాళ్ల సలహా సరైనదే.

మా ఏర్పాటులో హీట్ పంప్ కాయిల్ ఫర్నేస్ పైన, ఇల్లంతా గాలి పంచే గొట్టం (డక్ట్) మొదట్లో కూర్చుంటుంది. గ్యాస్ మంటతో వేడెక్కి వచ్చే గాలి ఆ కాయిల్‌ని తాకుతుంది కాబట్టి రెండూ కలిసి నడవకూడదు. అయితే ఇది, లేకపోతే అది. మరి ఎప్పుడు ఇది, ఎప్పుడు అది? ఇంటి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌లో ఒక నంబరు ఉంటుంది. బయటి ఉష్ణోగ్రత ఆ నంబరు కంటే పైన ఉంటే హీట్ పంప్, కింద ఉంటే ఫర్నేస్. మేం ఇంట్లో దాన్ని 'మారే డిగ్రీ' అంటాం.

అత్తయ్యగారు అడిగిన మర్నాడు మావారు థర్మోస్టాట్‌లో మెకానిక్‌ల కోసం ఉండే మెనూ తెరిచి చూశారు. మారే డిగ్రీ సున్నా అని ఉంది. అంటే బయట గడ్డకట్టే చలి మొదలవగానే హీట్ పంప్ ఆగిపోయి ఫర్నేస్ అందుకుంటోంది. ఒటావాలో డిసెంబర్ నుంచి మార్చి దాకా సున్నాకి పైన ఉండే గంటలు ఎన్ని ఉంటాయి? మైనస్ 25లో కూడా పనిచేస్తుందని చెప్పి అమ్మిన యంత్రాన్ని సున్నా దగ్గర ఆపేసి వెళ్లిపోయారు. గ్యాస్ బిల్లు తగ్గకపోతే చలి ఎక్కువగా ఉందేమో అనుకున్నాం. బిగించినవాళ్లకు ఫోన్ చేస్తే "కస్టమర్లు చల్లగా ఉందని ఫిర్యాదు చేయకుండా మేం మామూలుగా అలాగే పెడతాం" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. కొనేటప్పుడు ఆ నంబరు గురించి ఒక్క మాట చెప్పి ఉంటే ఒక చలికాలం మొత్తం వృథా అయ్యేది కాదు.

హీట్ పంప్ ఉన్న ప్రతివాళ్లనీ, పెట్టించుకోబోయే ప్రతివాళ్లనీ నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: మీ మారే డిగ్రీ ఎంత? తెలియదంటే ఈ రోజే చూసుకోండి. ఇంకో సంగతి కూడా గమనించండి. కొన్ని థర్మోస్టాట్‌లు బయటి ఉష్ణోగ్రతని ఇంటర్నెట్ నుంచి తీసుకుంటాయి. మాది అలాగే ఎయిర్‌పోర్ట్ దగ్గరి లెక్క చూపించేది. మా పెరట్లో థర్మామీటర్ ఒక్కోసారి దానికి రెండు మూడు డిగ్రీల తేడాతో ఉండేది. తర్వాత వైరు లాగి బయటి గోడకు, ఎండ తగలని ఉత్తరం వైపు, సెన్సర్ పెట్టించాం.

ఇక్కడ ఆ చలికాలం గురించే ఇంకొకటి చెప్పాలి. రిడో కెనాల్ గడ్డకట్టాక దాని మీద స్కేటింగ్ చేయడం ఈ ఊరికి సంక్రాంతి లాంటి పండగ. 2022-23లో మంచు తగినంత మందంగా కట్టలేదని సీజన్ మొత్తంలో ఒక్క రోజు కూడా తెరవలేదు. ఆ స్కేట్‌వే చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. మైనస్ 30 చూసిందీ ఆ చలికాలమే, కాలువ సరిగా గడ్డకట్టనిదీ ఆ చలికాలమే. మనం భయపడేది, చుట్టాలకు ఫోన్లలో చెప్పేది ఆ రెండు మూడు రాత్రుల గురించే. ఇంటిని వేడి చేసే ఖర్చులో ఎక్కువ భాగం మాత్రం మైనస్ 2, మైనస్ 7, మైనస్ 10 లాంటి మామూలు రోజుల్లోనే పడుతుంది. ఆ రోజులు హీట్ పంప్‌వి. ఆ కొద్ది రాత్రులు ఫర్నేస్‌వి.

మార్చిలో మారే డిగ్రీని మైనస్ 8కి దించాం. తర్వాతి చలికాలం, 2023-24లో, మావారు ఒక నోట్‌బుక్ పెట్టారు. రాత్రి పదకొండుకు ఒకసారి, పొద్దున్న ఏడుకు ఒకసారి బయట ఎంత, హాల్లో ఎంత, ఏది నడుస్తోంది అని రాసేవారు. కెనడాలో రికార్డుల్లోకెల్లా వెచ్చటి చలికాలం అదే, కాబట్టి గట్టి పరీక్ష ఎక్కువసార్లు దొరకలేదు. దొరికిన రాత్రుల్లో కావాలని నంబరుని బాగా దించి చూశాం. మైనస్ 12లో హాల్లో 21 కదలకుండా నిలబడింది. మైనస్ 15లో కూడా నిలబడింది కానీ మిషను ఒక్క నిమిషం ఆగకుండా నడిచింది. మైనస్ 18 రాత్రి తెల్లారేసరికి హాల్లో 20, పై అంతస్తులో ఉత్తరం గదిలో 18.5 ఉంది. దుప్పటి ఉంటే ఎవరూ చలికి వణికిపోరు. కానీ ఆ గదిలో పడుకునేది అత్తయ్యగారు, మామయ్యగారు. కాబట్టి మా ఇంటికి మైనస్ 15 హద్దు అని నిర్ణయించుకున్నాం. మీ ఇంటికి వేరేగా ఉండొచ్చు. కిటికీలు, అటక మీది ఇన్సులేషన్, యూనిట్ సైజు అన్నీ దాన్ని మారుస్తాయి. ఒక చలి రాత్రి కూర్చుని చూసుకోవడం ఒక్కటే దారి.

అలవాటు పడాల్సిన మొదటి విషయం గాలి. ఫర్నేస్ గాలి వెంట్ (గదిలోకి గాలి వచ్చే జాలీ) దగ్గర 50 డిగ్రీల పైన ఉంటుంది. పది నిమిషాలు భగ్గుమని వచ్చి ఆగిపోతుంది. మళ్లీ ఇల్లు చల్లబడ్డాక ఇంకో విడత. హీట్ పంప్ గాలి 33 నుంచి 38 మధ్యలో, మెల్లగా, గంటల తరబడి వస్తూనే ఉంటుంది. మన ఒంటి వేడి కూడా ఇంచుమించు అంతే కాబట్టి చెయ్యి పెడితే వేడిగా అనిపించదు. మొదట్లో అత్తయ్యగారు వెంట్ మీద కాళ్లు పెట్టి "ఇది వేడిగాలేనా?" అని అడిగేవారు. రెండు వారాలయ్యాక ఆవిడే "గది అంతా ఒకేలా ఉంటోంది, ఇదివరకు మంచం దగ్గర వేడి, బాత్రూమ్ దగ్గర చలి ఉండేది" అన్నారు. నా మాట కూడా అదే. ఇంటి వెచ్చదనంలో ఇంత హాయి ఉంటుందని ఫర్నేస్ ఒక్కటే ఉన్న రోజుల్లో నాకు తెలియదు.

ఇడ్లీ పిండి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చలి దేశంలో పిండి పులియబెట్టడం ఎంత కష్టమో ఇక్కడున్న ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఓవెన్‌లో లైటు వేసి పెడతాం, దుప్పటి చుట్టి పెడతాం. ఇదివరకు నేను వంటింట్లో నేల మీది వెంట్ పక్కన స్టీలు గిన్నె పెట్టేదాన్ని. ఫర్నేస్ గాలి కొట్టినప్పుడు గిన్నె ఒక వైపు కాలిపోయేంత వేడెక్కేది. ఆ వైపు పిండి అంచు ఎండి అట్ట కట్టేది, రెండో వైపు కదలిక ఉండేది కాదు. ఇప్పుడు అదే వెంట్ దగ్గర, అదే గిన్నె, మూత మీద తడిగుడ్డ. రాత్రి తొమ్మిదికి పెడితే పొద్దున్న ఏడున్నరకి పిండి మూతని తాకుతుంది. గరిటె పెడితే లోపల బుడగలు చిటపటమంటాయి. బయట మైనస్ 10 ఉన్న జనవరిలో తెనాలి పులుపు వచ్చింది. తోడు పెట్టిన పెరుగు కూడా అంతే.

రెండో అలవాటు డీఫ్రాస్ట్. చలిలో తేమ ఉంటే బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. అది కరగడానికి యూనిట్ కొద్ది నిమిషాలు ఏసీలా నడిచి, ఇంట్లోంచి వేడి తీసుకుని కాయిల్ మీది మంచుని కరిగించుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను నిజంగా భయపడ్డాను. ఫ్యాన్ హఠాత్తుగా ఆగింది, బుస్సుమని గట్టిగా చప్పుడు, తర్వాత తెల్లటి ఆవిరి గుప్పుమని కిటికీ ఎత్తుకు లేచింది. నిప్పంటుకుందని అనుకుని మావారిని కేకేశాను. ఐదారు నిమిషాల్లో నీళ్లు కారిపోయి మళ్లీ మామూలుగా తిరగడం మొదలైంది. అది పాడవడం కాదు, దాని పనిలో భాగం. మైనస్ 20 పొడి చలిలో కంటే సున్నా చుట్టుపక్కల తడి చలిలోనే ఈ డీఫ్రాస్ట్‌లు ఎక్కువ.

ఆ కారే నీళ్లు ఎక్కడికి పోతాయన్నది చూసుకోవాలి. యూనిట్‌ని నేల మీద కాకుండా మోకాలెత్తు స్టాండ్ మీద పెట్టించడం మా అదృష్టం. 2025 ఫిబ్రవరి మధ్యలో నాలుగైదు రోజుల తేడాలో రెండు పెద్ద మంచు తుఫాన్లు వచ్చాయి. స్టాండ్ ఉన్నా మంచు యూనిట్ నడుము దాకా వచ్చింది. పొద్దున్నా సాయంత్రం చుట్టూ రెండడుగులు ఖాళీ చేయడం మా పని. అంతకంటే ఇబ్బంది పెట్టింది చూరు. వర్షపు నీటి గొట్టం అతుకు దగ్గర కారి, చుక్కలు సరిగ్గా ఫ్యాన్ మీద పడి గడ్డకట్టాయి. తెల్లవారుజామున టకటకమని చప్పుడు. ఫ్యాన్ రెక్క మంచుని కొడుతోంది. వెంటనే దాన్ని ఆపేసి, ఫర్నేస్‌కి మార్చి, గోరువెచ్చటి నీళ్లు చెంబుతో కొద్దికొద్దిగా పోసి కరిగించాం. ఇనప రాడ్డుతో మాత్రం ఎప్పుడూ పొడవకండి. కాయిల్‌కి చిల్లు పడితే లోపలి ఆర్-410ఎ కారిపోతుంది, బాగు చేయించడం చాలా ఖర్చు. ఆ రోజు ఇల్లు ఒక్క నిమిషం కూడా చల్లబడలేదు. రెండో యంత్రం ఉండబట్టే మరమ్మతుకు వచ్చేవాళ్ల కోసం టెన్షన్ పడకుండా ఆగగలిగాం.

కరెంటు పోతే ఏంటన్న ప్రశ్న అందరూ అడుగుతారు. 2023 ఏప్రిల్ 5న ఐస్ స్టార్మ్ (పడగానే గడ్డకట్టే వాన) వచ్చింది. పక్క రాష్ట్రం క్యూబెక్‌లో, ఇటు మా ఒంటారియోలో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మా వీధికి మర్నాటి రాత్రి దాకా రాలేదు. గ్యాస్ ఫర్నేస్ ఉంది కదా అనుకోవద్దు. గ్యాస్ వచ్చినా దాని ఫ్యాన్, కంట్రోల్ బోర్డు కరెంటు మీదే నడుస్తాయి, కాబట్టి అదీ ఆగిపోయింది. అది ఏప్రిల్ కాబట్టి సరిపోయింది. అయినా హాల్లో 14కి పడిపోయింది. తేడా ఎక్కడంటే, ఫర్నేస్‌కి కావలసింది ఐదారు వందల వాట్లే. చిన్న జనరేటర్ సరిపోతుంది. హీట్ పంప్‌కి కిలోవాట్లు కావాలి. ఆ వేసవిలో ఎలక్ట్రీషియన్‌తో ఫర్నేస్ సర్క్యూట్ ఒక్కదానికి, దాన్ని జనరేటర్ మీదికి మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించి, చిన్న ఇన్వర్టర్ జనరేటర్ కొన్నాం. జనరేటర్‌ని ఎప్పుడైనా ఇంటి బయట, కిటికీలకు దూరంగానే నడపాలి. గరాజ్ తలుపు తెరిచి లోపల పెట్టినా ప్రమాదమే, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఇక డబ్బు. ఇదివరకు గ్యాస్ ఏడాదికి సుమారు 2,100 ఘనపు మీటర్లు కాలేది, వాటర్ హీటర్‌తో కలిపి. నంబరు తప్పుగా ఉన్న మొదటి ఏడాది 1,800 అయింది. రెండో ఏడాది 750, మూడో ఏడాది గట్టి చలి ఉన్నా 850. అందులో నాలుగు వందల దాకా నీళ్లు కాచుకోవడానికే. ఈ తగ్గుదల చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంటుంది. కానీ కరెంటు వాడకం ఏడాదికి ఐదు వేల యూనిట్లకు పైగా పెరిగింది. రెండూ కలిపి చూస్తే రెండో ఏడాది మిగిలింది రెండు వందల డాలర్ల లోపే. ఖర్చు సగమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, గ్యాస్ ఉన్న ఒంటారియో ఇంట్లో అది జరగదు. ఆయిల్‌తోనో, గోడవార ఉండే కరెంటు హీటర్లతోనో వేడి చేసుకునే ఇళ్లలో మాత్రం తేడా చాలా పెద్దగా ఉంటుంది.

ఆ కాస్తయినా మిగలడానికి కారణం గడియారం. ఒంటారియోలో 2023 మే నుంచి అల్ట్రా లో ఓవర్‌నైట్ అనే రేటు తీసుకోవచ్చు. మేం తీసుకున్నాక 2024-25 చలికాలంలో రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా యూనిట్ 2.8 సెంట్లు, పనిరోజుల్లో సాయంత్రం 4 నుంచి 9 దాకా 28 సెంట్ల పైన. పదింతలు. ఈ ధరలకి డెలివరీ చార్జీలు వేరే. రాత్రి మైనస్ 14లో కూడా హీట్ పంప్ గ్యాస్ కంటే చవక. సాయంత్రం ఆరింటికి ప్లస్ 2 ఉన్నా గ్యాసే చవక. మా థర్మోస్టాట్‌కి డిగ్రీలు తెలుసు, గంటలు తెలియవు. అందుకని పనిరోజుల్లో మూడింటికి ఇంటిని 22కి తెచ్చి, నాలుగుకి ఫోన్లో అలారం మోగగానే ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లు దాన్ని బ్యాకప్ మోడ్‌కి, అంటే ఫర్నేస్‌కి, మారుస్తాం, తొమ్మిదికి తిరిగి హీట్ పంప్‌కి. అత్తయ్యగారు ఇక్కడున్న నెలల్లో ఆ పని ఆవిడే చేసేవారు. నాలుగు దాటాక బట్టల మిషను వేస్తే ఊరుకునేవారు కాదు.

నది దాటితే క్యూబెక్. గాటినోలో ఉండే మా స్నేహితురాలి ఇంట్లో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. అక్కడ కరెంటు సంస్థ హైడ్రో-క్యూబెక్ రెండు ఇంధనాలు వాడే ఇళ్లకు డీటీ అనే ప్రత్యేక రేటు ఇస్తుంది. ప్రాంతాన్ని బట్టి మైనస్ 12 లేదా మైనస్ 15 దాకా కరెంటు చవక, అంతకంటే చలి పెరిగితే ధర బాగా పెంచేస్తుంది, ఇంటి హీటింగ్ తనంతట తానే గ్యాస్‌కో ఆయిల్‌కో మారుతుంది. అంటే మారే డిగ్రీని అక్కడ కరెంటు సంస్థే చెప్పేసింది. రాష్ట్రమంతా ఒకేసారి హీటర్లు వేసుకునే ఆ గంటల్లో గ్రిడ్ మీద భారం తగ్గించుకోవడానికే ఈ ఏర్పాటు. బ్యాకప్ హీటింగ్‌ని చేతగానితనంగా చూసేవాళ్లకు నేను ఈ రేటు గురించే చెబుతాను.

ఇంకో పొరపాటు కూడా మొదట్లో చేశాం. ఫర్నేస్ రోజుల అలవాటు ప్రకారం రాత్రి 17కి దించి పొద్దున్న 21కి పెంచేవాళ్లం. హీట్ పంప్ నాలుగు డిగ్రీలు ఒక్కసారిగా ఎక్కించలేదు. ఇంకా చేరలేదని థర్మోస్టాట్ ఫర్నేస్‌ని పిలిచేది. చవక కరెంటు ఉన్న రాత్రంతా ఊరుకుని, పొద్దున్నే గ్యాస్ కాల్చినట్టయ్యేది. ఇప్పుడు రాత్రీ పగలూ 21 దగ్గరే. దించితే ఒక్క డిగ్రీ.

నచ్చనివి కూడా ఉన్నాయి. గ్యాస్ ఎంత తక్కువ వాడినా నెలకు ఇరవై డాలర్ల పైన స్థిర చార్జీ తప్పదు. సర్వీసుకు రెండు యంత్రాలకూ వేర్వేరుగా డబ్బు అడుగుతారు. గాలి గంటల తరబడి తిరుగుతుంది కాబట్టి ఫిల్టర్ తొందరగా నిండుతుంది, మేం రెండు నెలలకోసారి మారుస్తున్నాం. గట్టి చలిలో కంప్రెసర్ హోరు పడకగదిలోకి సన్నగా వినిపిస్తుంది. పక్కింటివాళ్ల కిటికీ ఎదురుగా మాత్రం పెట్టించకండి. ఎండాకాలం ఏసీగా మాత్రం వంక పెట్టడానికేం లేదు. పాతదానిలా గడ్డకట్టించి ఆగిపోకుండా మెల్లగా నడుస్తూ ఉక్కపోతని లాగేస్తుంది.

2025 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లలో వాడే గ్యాస్ మీద కార్బన్ చార్జీ ఎత్తేశారు. అప్పటిదాకా ఘనపు మీటరుకు 15.25 సెంట్లు ఉండేది. గ్యాస్ బిల్లులో అది చిన్న భాగం కాదు. మా లెక్క మళ్లీ మారింది. పగటి పూట రేటులో గ్యాస్ ఇప్పుడు స్పష్టంగా చవక, రాత్రి పదకొండు దాటాక మాత్రం ఇంకా హీట్ పంపే చవక. డబ్బు ఒక్కటే చూసుకుంటే పగలంతా ఫర్నేస్ నడపాలి. మేం అలా చేయదలచుకోలేదు. పగలు మారే డిగ్రీ మైనస్ 8, రాత్రి మైనస్ 15 అని మేమే మార్చుకుంటున్నాం. ఏడాదికి ఓ వంద డాలర్లు ఎక్కువైనా సరే, గ్యాస్ తక్కువ కాల్చాలన్నది మా ఇద్దరి నిర్ణయం. పిల్లలు పుట్టి పెరిగిన ఊళ్లో కాలువ గడ్డకట్టని చలికాలాన్ని చూశాం.

గత నెలలో సర్వీసుకు వచ్చినతను ఫర్నేస్ మూత తీసి, లోపల టార్చి వేసి చూపించాడు. హీట్ ఎక్స్‌ఛేంజర్ మీద తుప్పు మచ్చ లేదు. పన్నెండేళ్లదంటే నమ్మలేనన్నాడు. ఏడాదికి ఇన్ని తక్కువ గంటలు నడిస్తే ఇంకో ఏడెనిమిదేళ్లు ఢోకా లేదట. అత్తయ్యగారు, మామయ్యగారు డిసెంబర్ మొదటి వారంలో వస్తున్నారు. చూరు గొట్టం అతుకు మార్పించి యూనిట్ మీద చిన్న రేకు పందిరి వేయించాం. ఉత్తరం గదిలో వెంట్ పూర్తిగా తెరిచి పెట్టాను.